ఈ నేల మీద ఎవరి పేరు?

ఈ సంచిక మీ చేతికి అందే వేళకి గోదావరి డెల్టాలో సార్వా ఊడ్పులు మొదలై ఉంటాయి. మోకాలి లోతు బురదలో వరసగా వంగి, వెనక్కి వెనక్కి అడుగేస్తూ నారు నాటే ఆడవాళ్లని మనం బస్సు కిటికీలోంచో, రైలు కిటికీలోంచో చూస్తూనే ఉంటాం. కవులు చూశారు, సినిమా వాళ్లు చూశారు, కాలెండర్లు వేసే వాళ్లు చూశారు. పచ్చని కోనసీమ అని మనం మురిసిపోయే ప్రతి ఫొటోలోనూ వాళ్లున్నారు. కానీ ఆ పచ్చదనం తాలూకు కాగితాల్లో మాత్రం వాళ్లు లేరు. పట్టాదారు పాసుపుస్తకంలో లేరు. కౌలు కార్డులో లేరు. పంట నష్టం రాసుకునే జాబితాలో లేరు. ఇది యాదృచ్ఛికం కాదు. ఈ లేకపోవడానికి ఒక చరిత్ర ఉంది, ఒక రాజకీయం ఉంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

ఒక ప్రాంతాన్ని వర్ణించమంటే మనకి బళ్లో నేర్పిన పద్ధతి ఒకటుంది. ముందు భౌగోళిక స్వరూపం, తర్వాత పాలన, చివర్న ప్రజలు, వారి వృత్తులు. పరీక్షలో మూడు శీర్షికలూ రాస్తే మార్కులన్నీ పడేవి. సమాజశాస్త్రం చదువుకుని, ఇరవై ఏళ్లుగా ఈ జిల్లాల్లో తిరుగుతున్న నాకు ఇప్పటికీ అర్థం కానిది ఒక్కటే. ఆ మూడో శీర్షిక కింద మనం రాసిన ప్రజలు ఎవరు? వాళ్లలో స్త్రీ ఎక్కడుంది?

మొదటి శీర్షికతోనే మొదలుపెడదాం. నాసిక్ దగ్గర త్రయంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరిని మనం తల్లి అంటాం. చీరలూ సారెలూ పెడతాం, పుష్కరాలు చేస్తాం. ఆ తల్లి ధవళేశ్వరం దాటి చీలగానే ఏమవుతుందో చూడండి. ఒక పాయ గౌతమి, ఇంకొకటి వసిష్ఠ. స్థలపురాణాలు చెప్పే సప్త గోదావరుల పేర్లు చదివితే గౌతముడు, వసిష్ఠుడు, కౌశికుడు, అత్రి, భరద్వాజుడు, జమదగ్ని అంటూ ఋషులే వరస కడతారు. నది ఆడది, పాయలన్నీ మగవాళ్లవి! వసిష్ఠ నుంచి చీలే వైనతేయ పేరులో మాత్రం ఒక తల్లి మిగిలింది. వైనతేయుడంటే వినత కొడుకు. ఆ వినత సవతికి దాస్యం చేసిన స్త్రీ అని మనందరికీ తెలిసిందే. నీళ్లకి పేరు పెట్టడంలోనే మన సమాజం తన మనసు చెప్పేసుకుంది. పూజకి స్త్రీ, పంపకానికి పురుషుడు.

ఇక ఆనకట్ట. 1847లో మొదలుపెట్టి 1852కి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. దాని స్థానంలో కొత్త బ్యారేజి 1982కి సిద్ధమైంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో సుమారు పది లక్షల ఎకరాలు దీని నీటి మీదే పండుతున్నాయి. కరువులతో, వరదలతో చితికిపోయిన ప్రాంతం రెండు పంటల మాగాణి అయింది. కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి, ఉండవలసిందే. ఆ పని చూసిన వీణెం వీరన్న పేరు కూడా చరిత్ర గుర్తుపెట్టుకుంది, మంచిదే. కానీ నీళ్లొచ్చాక భూమికి విలువొచ్చింది. విలువొచ్చాక భూమి ఎవరి చేతిలో ఉందన్నదే అన్నిటినీ నిర్ణయించడం మొదలుపెట్టింది. కాలువ మొదట్లో పొలాలున్న కులాలు షావుకార్లయ్యాయి, మిల్లర్లయ్యాయి, నాయకులయ్యాయి. ఆ పొలాల్లో దిగి పనిచేసే కులాలు పేటల్లోనే ఉండిపోయాయి. ఏ కులంలోనైనా సరే, ఆ విలువ ఆడవాళ్ల కాగితాల దాకా రాలేదు. పైపెచ్చు మాగాణి ధర పెరిగినకొద్దీ కట్నం ధర కూడా పెరిగింది.

ఈ నేలని అన్నపూర్ణ అంటాం. లంకల గన్నవరంలో దారినపోయే ప్రతివారికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) ఆ మాటకి ప్రతీక. 2024లో మన రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. సంతోషం. అయితే ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. మనం స్త్రీ పేరుని అన్నం మీద రాయడానికి ఇంత సిద్ధంగా ఉన్నాం, అన్నం పండే నేల మీద రాయడానికి ఎందుకు లేం? సీతమ్మ గారి పేరున్న ఆ భోజనాన్ని పొయ్యి దగ్గర నిలబడి వండే ఆడవాళ్లకి ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గౌరవం ఎంత పెద్ద మాట! ఎంత చిన్న మొత్తాన్ని కప్పిపెడుతోంది!

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నాళ్లూ ఈ పేజీల్లో ఇతరుల జీవితాల గురించే రాశాను. అది సగం నిజాయితీయే.

మా నాన్న పోయిన ఏడాది, 2009లో, మా అన్నయ్య పేరు మీదకి నాలుగెకరాల పల్లం మార్చడానికి నన్నూ మా అక్కనీ రిజిస్ట్రేషను ఆఫీసుకి తీసుకెళ్లారు. దస్తావేజు లేఖరి గబగబా చదివాడు. పెళ్లి ఖర్చులు, పసుపు కుంకుమలు ముట్టినందున మాకు ఆ ఆస్తిలో ఏ హక్కూ లేదని మేమే సంతోషంగా రాసిచ్చినట్టు ఉంది. మా అమ్మ ముందు సంతకం పెట్టింది. అక్క పెట్టింది. నేనూ పెట్టాను. అప్పటికి నేను స్త్రీల భూమి హక్కుల మీద థీసిస్‌లో ఒక అధ్యాయం రాస్తున్నాను. చట్టం ఏ సెక్షనులో ఏం చెప్పిందో నాకు తెలుసు. అయినా పెట్టాను. వదిన చీర పెట్టింది, అన్నయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను ఆ రోజు దేనికి భయపడ్డాను? పేదరికానికి కాదు. పుట్టింటి గడప నాకు పరాయిదైపోతుందని భయపడ్డాను. ఆడపిల్లకి పుట్టింటి ప్రేమ ఒక పక్క, పుట్టింటి ఆస్తి ఒక పక్క పెట్టి ఏదో ఒకటి తీసుకోమనే తూకం ఇది. కొడుకుని ఎవరూ ఎప్పుడూ ఆ తూకం ముందు నిలబెట్టరు.

చట్టం లేక కాదు. 1985లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో పాటు పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం మనదే. 2005లో కేంద్ర చట్టం పెళ్లైన వాళ్లకీ ఆ హక్కు ఇచ్చింది. వ్యవసాయ భూమిని పక్కన పెట్టడానికి వాడుకున్న 4(2) సెక్షనుని తీసేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో నిమిత్తం లేకుండా కూతురికి హక్కుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పింది. ఇన్ని జరిగాక కూడా 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో స్త్రీలవి సుమారు 14 శాతమే. చట్టం వచ్చిన దారిలోనే విడుదల దస్తావేజు కూడా వచ్చింది. హక్కు ఇచ్చే కాగితం కంటే హక్కు వదులుకునే కాగితం మీదే ఆడవాళ్ల సంతకాలు ఎక్కువ ఉన్న సమాజం మనది.

రాజ్యం కూడా తక్కువ తినలేదు. మన రాష్ట్రంలో 1973 భూ గరిష్ఠ పరిమితి చట్టాన్నే తీసుకోండి. మేజరైన కొడుకుంటే ఆ లెక్కన కుటుంబం అదనంగా భూమి ఉంచుకోవచ్చని తర్వాత సవరణ చేర్చారు. మేజరైన కూతురికి ఆ లెక్క లేదు. భూస్వామ్యాన్ని తగ్గించడానికి తెచ్చిన చట్టం కూడా కొడుకునే మనిషిగా లెక్కపెట్టింది.

ఇది భూమి ఉన్న కుటుంబాల కథ. మా నాలుగెకరాల్లో ఊడ్చిన ఆడవాళ్ల మాటేమిటి? నేను పోగొట్టుకున్నది ఒక వాటా. వాళ్లకి పోగొట్టుకోవడానికి వాటా అన్న మాటే ఎప్పుడూ లేదు. ఈ తేడాని చెప్పకుండా, స్త్రీలందరి బాధా ఒకటే అని ఒక్క గీతతో గీసేసే స్త్రీవాదం ఈ డెల్టాలో రెండడుగులు కూడా వెయ్యలేదు.

కొన్నేళ్ల కిందట గౌతమి లంకల్లో ఒకామెని కలిశాను. దళితురాలు. అరవై దాటాయి. ఎకరంన్నర లంక భూమి కౌలుకి చేసుకునేవారు. అరటి, కంద, కూరగాయలు. విత్తనం పెట్టడం దగ్గర నుంచి పడవెక్కించి సంతకి తీసుకెళ్లడం దాకా అన్నీ ఆమే. ఏటికి వరదొస్తే పంట పోయేది, మక్తా మాత్రం పోయేది కాదు. భర్త చనిపోయిన మూడో నెల్లో భూమి ఆసామి మనిషిని పంపించి, ఒప్పందం నీ మొగుడితో కదా, ఆయన పోయాడు, ఇక వేరేవాళ్లకి ఇస్తున్నాం అన్నాడట. మీ పేరు ఎక్కడా రాయించుకోలేదా అని అడిగాను. ఆమె నవ్వింది. "ఆయ్, మాకు పేరెక్కడిదండీ అమ్మగారూ. పని మాది, పేరు ఆయనది. ఆయన పేరూ నోటి మాటే." నాకంటే ఇరవై ఏళ్లు పెద్దదైన మనిషి నన్ను అమ్మగారూ అనడంలోనే ఈ డెల్టా సామాజిక శాస్త్రం అంతా ఉంది.

డెల్టాలో సాగయ్యే భూమిలో ఎక్కువ భాగం కౌలుదార్ల చేతుల్లోనే ఉందన్నది అందరూ ఒప్పుకునే సంగతి. ఆ కౌలు చాలావరకు నోటి మాట మీదే నడుస్తుంది. 2011లో కౌలుదార్లకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చి, పదకొండు నెలల కార్డు ఇస్తామంది. అయితే దానికి భూమి యజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి మీదకి హక్కు వస్తుందేమోనని ఆసామి భయం. సంతకం అడిగితే కౌలే పోతుందేమోనని కౌలుదారు భయం. ఆ ఇద్దరి భయాల వెనక మూడో మనిషి ఉంది. కార్డు వచ్చిన ఇంట్లో కూడా అది మొగుడి పేరు మీదే వస్తుంది. ఆత్మహత్య చేసుకున్న కౌలు రైతు భార్య, తన భర్త రైతేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. ఆమె కూడా రైతే అన్న ఊహ ఏ గుమాస్తాకీ రాదు.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. గిట్టుబాటు ధర లేదు, మురుగు కాలువల పూడిక తీయలేదు. న్యాయమైన కోపమే. దేశమంతా చూసింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. కానీ ఆ సార్వాలో ఊడ్పులు లేక కూలి పోయిన ఆడవాళ్ల విరామం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. సరికదా, ఉపాధి హామీ పనుల వల్ల కూలి రేట్లు పెరిగిపోయాయన్నది ఆ ఉద్యమం చెప్పుకున్న కష్టాల్లో ఒకటి. ఒకరి గిట్టుబాటుకి ఇంకొకరి కూలి అడ్డమైపోయింది! రైతు అనే మాటలో స్త్రీ లేనప్పుడు, రైతు ఉద్యమంలో ఆమె కష్టం ఖర్చు కింద కనబడుతుంది గానీ కష్టంగా కనబడదు.

పొలం దాటి గడప లోపలికి వెళ్లినా ఇదే వరస. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లికలు మిషనరీల కాలం నుంచీ ఉన్నాయి. జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ ఉండి పరిశోధించి, 1982లో ఆ లేసు అల్లే స్త్రీల మీద పుస్తకం వెలువరించింది. ప్రపంచ స్త్రీవాద ఆలోచనని మలుపు తిప్పిన పుస్తకాల్లో అదొకటి. ఆమె చెప్పిన విషయం సూటిగా ఉంటుంది. ఈ స్త్రీలు ప్రపంచ మార్కెట్టు కోసం సరుకు తయారుచేస్తున్నారు, కానీ అందరూ వాళ్లని తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులంటున్నారు. గృహిణి అన్న మాటే వాళ్ల కూలిని తొక్కిపెడుతోంది. మగవాళ్లు వ్యాపారులవుతున్నారు, ఆడవాళ్లు తీరికగా ఉన్నవాళ్లవుతున్నారు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఊరి పేరుకి చట్టపరమైన రక్షణ దొరికింది. సూది పట్టిన చేతుల పేరుకి ఇంకా దొరకలేదు.

ఊళ్లో పేరు దొరకని ఆడది ఊరు దాటుతుంది. రెండు గోదావరి ప్రాంతాల నుంచీ కువైట్‌కి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు ఎందరో మీకు తెలుసు. ఏ పొలం కాగితంలోనూ లేని ఆమె పేరు మొదటిసారి ఒక పాస్‌పోర్టు మీద గౌరవంగా అచ్చవుతుంది. విమానం దిగగానే చాలామంది చేతుల్లోంచి ఆ పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి వెళ్లిపోతుంది. అక్కడ ఆమె ఖద్దామా, ఆమె మీద అధికారం కఫీల్‌ది. ఇంట్లోంచి పారిపోతే ఖల్లివల్లి. 2015లో కువైట్ ఇంటిపనివాళ్ల కోసం చట్టం చేసి, వారానికో రోజు సెలవు, రోజుకి 12 గంటలకి మించని పని అంది. గోడల వెనక ఆ చట్టాన్ని అడిగేదెవరు? ఆమె పంపిన డబ్బుతో ఇక్కడ డాబా లేస్తుంది. దాని మీద పేరు భర్తదో, కొడుకుదో. ఎడారి నుంచి తిరిగొచ్చిన ఒక చెల్లెలు తను కట్టించిన ఇంట్లో కోడలి మాట పడుతూ వసారాలో మంచం వేసుకోవడం నేను చూశాను.

ఇప్పుడు రెండో శీర్షిక, రాజకీయాలు. ఈ డెల్టాలో పేరు ఎంత పెద్ద రాజకీయమో 2022లో దేశమంతా చూసింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రభుత్వం ప్రాథమిక ప్రకటన ఇచ్చింది. మే 24న అమలాపురం తగలబడింది. దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు కాల్చేశారు. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. పేరు మాత్రం ఆ ఏడాదే ఖరారైంది. కోనసీమ అన్న పేరు పోకుండా ఇంకో పేరు ముందు చేరితేనే ఇంత మంట ఎందుకు లేచింది? పంట పండించే కులాల మనిషి పేరు జిల్లా కాగితాల మీదకి ఎక్కడం కొందరికి నచ్చలేదు. అంతే.

ఆ రోజుల్లో నాకు తెలిసిన సవర్ణ కుటుంబాల్లో చదువుకున్న స్త్రీలు కూడా, మాకెందుకీ గొడవ, మా కోనసీమ పేరు మాకు చాలు అన్నారు. వాళ్లకి ఒకటి గుర్తుచేయాలని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. కూతురికి తండ్రి ఆస్తిలో హక్కు ఉండాలన్న హిందూ కోడ్ బిల్లుని సభలో మోసినవాడు అంబేడ్కరే. దాన్ని ముందుకి సాగనివ్వనందుకు, ఇతర కారణాలతో పాటు అది ముఖ్య కారణంగా, 1951 సెప్టెంబరులో కేంద్ర మంత్రి పదవి వదులుకున్నాడు. తన కులం ఆడవాళ్ల కోసమే కాదు, తనని ముట్టుకోని కులాల ఆడవాళ్ల కోసం కూడా! ఆ సభలో ఆ బిల్లుని సమర్థించిన స్త్రీలలో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఒకరు. ఈ డెల్టా ఆడపిల్ల పేరు పొలం కాగితం మీదకి రావడానికి మొదట పోట్లాడినవాళ్లు వీళ్లు. ఆ పేరు జిల్లాకి వద్దన్న చేతులు, ఆడపిల్ల పేరు పాసుపుస్తకంలో వద్దన్న చేతులు వేరువేరు కావు. కులమూ పితృస్వామ్యమూ ఒకే కలంతో రాస్తాయి.

దీన్ని ఇంకో డెల్టా పక్కన పెట్టి చూస్తే మరింత స్పష్టమవుతుంది. అమెరికా దక్షిణాదిన మిసిసిపి అనే రాష్ట్రం ఉంది. దాని వాయవ్యాన మిసిసిపి, యాజూ నదుల మధ్య ఉన్న మెత్తటి ఒండ్రు నేలని అక్కడివాళ్లు డెల్టా అనే పిలుస్తారు. మనది వరి, వాళ్లది పత్తి. కట్టలు కట్టి వరదని ఆపి నేలని లాభసాటి చేసిన కథ, ఆ నేల కొద్దిమంది చేతిలో ఉండి, శ్రమ మాత్రం నల్లజాతి వాళ్లదైన కథ మనకి కొత్తగా అనిపించదు. బానిసత్వం పోయాక అక్కడ పాలికాపు పద్ధతి వచ్చింది. పండించిన పత్తిలో వాటా అని పేరే గానీ, ఏడాది చివర లెక్క తేలితే మిగిలేది అప్పే.

ఆ రాష్ట్రం ఒక విషయంలో చరిత్రకెక్కింది. పెళ్లైన స్త్రీ తన పేరు మీద ఆస్తి ఉంచుకోవచ్చని అమెరికాలో మొదట చట్టం చేసినది మిసిసిపియే, 1839లో. చదవగానే మనసు ఉప్పొంగుతుంది. తర్వాతి వాక్యం చదివితే గుండె ఆగుతుంది. ఆ చట్టంలో ప్రధానంగా మాట్లాడిన ఆస్తి బానిసలు. తెల్ల స్త్రీకి పేరు వచ్చింది, ఆ పేరు కింద నల్ల స్త్రీ సొత్తుగా నమోదైంది. ఒక స్త్రీ హక్కు ఇంకొక స్త్రీ దాస్యం మీద నిలబడగలదని మిసిసిపి మనకి చెబుతోంది. నా నాలుగెకరాల్లో వాటా కోసం నేను రేపు కోర్టుకెళ్లి గెలిచినా, ఆ పొలంలో ఊడ్చే ఆమె కూలీగానే మిగిలిపోతే ఆ గెలుపుని ఏమనాలి?

ఆ ప్రశ్నకి జవాబు కూడా ఆ డెల్టా నుంచే వచ్చింది. ఫానీ లూ హేమర్ అనే నల్లజాతి పాలికాపు స్త్రీ 1962 ఆగస్టు 31న ఓటరుగా పేరు నమోదు చేయించుకోవడానికి ఇండియనోలా పట్నం వెళ్లింది. పద్దెనిమిదేళ్లు పనిచేసిన తోటలోంచి ఆమెని వెళ్లగొట్టారు. తర్వాత జైల్లో చావగొట్టారు. 1964లో డెమొక్రటిక్ పార్టీ మహాసభ ముందు నిలబడి దేశానికంతటికీ ఆ కథ చెప్పింది. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చింది. ఓటు వచ్చినా తిండి కోసం ఆసామి మీదే ఆధారపడితే ఆ ఓటు నిలవదని ఆమె గ్రహించింది. 1969లో నలభై ఎకరాలతో ఒక సహకార వ్యవసాయ క్షేత్రం మొదలుపెట్టింది. అది ఎన్నో ఏళ్లు నిలవలేదు. కానీ ఆమె వేసిన ముడి మాత్రం గట్టిది. ఓటరు జాబితాలో పేరు, నేల మీద పేరు, రెండూ ఒకే పోరాటం.

మనకి ఓటు ఉంది. పదవులూ కొన్ని వచ్చాయి. ద్రాక్షారామంలో పుట్టిన బాలవితంతువు దువ్వూరి సుబ్బమ్మ సహాయ నిరాకరణ రోజుల్లోనే జైలుకెళ్లింది. రాజమండ్రి నుంచి 1989లో జమున, 2024లో పురందేశ్వరి లోక్‌సభకి వెళ్లారు. అమలాపురం రిజర్వుడు స్థానం నుంచి 2002లో గంటి విజయకుమారి, 2019లో చింతా అనూరాధ గెలిచారు. కొవ్వూరు నుంచి గెలిచిన తానేటి వనిత 2022లో రాష్ట్ర హోం మంత్రి అయ్యారు. 1993 నుంచి పంచాయతీల్లో మూడో వంతు, 2011 చట్టంతో సగం స్థానాలు స్త్రీలవి. 2023లో చట్టసభల్లో మూడో వంతు కోసం రాజ్యాంగ సవరణ జరిగింది, అమలుకి జనగణననీ నియోజకవర్గాల పునర్విభజననీ ముడిపెట్టారు. ఇవన్నీ పోరాడి తెచ్చుకున్నవే, తక్కువ చేయను. కానీ ఊళ్లోకి వెళ్లి సర్పంచ్ గారెవరని అడగండి, భర్త లేచి నిలబడతాడు. కాళ్ల కింద నేల తనది కాని స్త్రీని కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె మాట్లాడటం లేదని నిందించడం అన్యాయం.

అందుకే మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. పట్టాదారు చనిపోయినప్పుడు పేరు మార్చేముందు భార్య, కూతుళ్లు అందరి పేర్లూ విచారించి, ఆ జాబితాని సచివాలయం గోడ మీద అంటించాలి. విడుదల దస్తావేజు రిజిస్టరు చేసేముందు ఆ భూమి విలువెంతో, అందులో తన వాటా ఎంతో ఆమెకి విడిగా, అన్నదమ్ములు లేని గదిలో చదివి వినిపించాలి. కౌలు కార్డులో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి, ఒకరు పోతే కౌలు రెండోవారికి కొనసాగాలి, దానికి ఆసామి దయ అవసరం కాకూడదు. పేదలకిచ్చే ప్రతి సెంటు భూమీ స్త్రీ పేరున ఉండాలి. ఎసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ఇరవై ఏళ్లు దాటిన వాటిని అమ్ముకోవచ్చని 2023 సవరణ అంది. స్వేచ్ఛ పేరుతో దళిత స్త్రీ చేతిలోని ఆ కాస్త నేలా అప్పులవాడికి జారిపోకుండా చూసే బాధ్యత ప్రభుత్వానిదే. లేసు అల్లే స్త్రీని కార్మికురాలిగా గుర్తించాలి. గల్ఫ్‌కి వెళ్లే ప్రతి స్త్రీ వివరాలూ పంచాయతీ దగ్గర ఉండాలి.

ప్రభుత్వాన్ని అడగడంతో మన పని అయిపోదు. మన ఇళ్లలో అడగాలి. మా అన్నయ్యతో పదేళ్ల మౌనం తర్వాత ఈ మధ్య ఆ సంతకం గురించి మాట్లాడాను. పొలం తిరిగి రాదు. కానీ మా మేనకోడలి పేరు ఆ పుస్తకంలోకి ఎక్కాలని పట్టుబట్టాను. ఇంకా తేలలేదు. వదిన మాత్రం మెల్లగా, మీరన్నది నిజమే వదినా, నాకూ ఒక పుట్టిల్లుంది కదా అంది. పోరాటం అక్కడ మొదలవుతుంది.

మన సభ్యులకి ఒక చిన్న పని చెబుతున్నాను. వచ్చే మూడు నెలల్లో మీ ఊరి అడంగల్ తీయించి చూడండి. ప్రభుత్వం కంప్యూటర్లో పెట్టిన భూమి రికార్డులకి మీభూమి అని పేరు పెట్టింది. ఆ 'మీ'లో ఎవరున్నారో చూడండి. పట్టాదారు గడిలో ఎందరు స్త్రీలున్నారు, పక్కనే అనుభవదారు గడిలో ఎందరున్నారు, వాళ్లలో ఏ కులాల వాళ్లున్నారు, లెక్క రాసి పంపండి. తర్వాత అదే ఊళ్లో ఊడ్పులకి దిగిన ఆడవాళ్లని లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలనీ పక్కపక్కన వేసి వచ్చే సంచికలో అచ్చు వేద్దాం.

లంకలో కలిసిన ఆమె పేరు నేనిక్కడ రాయలేదు. ఊళ్లో బతకాల్సిన మనిషి కాబట్టి రాయలేదు. ఆమె పేరు అచ్చు కావలసింది నా సంపాదకీయంలో కాదు, ఆమె చేసిన ఎకరంన్నర కాగితం మీద. అది అచ్చయ్యే దాకా ఈ డెల్టా గురించి మనం రాసే ఏ వర్ణనలోనూ ప్రజలు అన్న మూడో శీర్షిక పూర్తి కాదు.